ఈతతో కాలేజీ దాకా: మా అమ్మాయి రిక్రూటింగ్‌లో మేం చూసింది

మా పెద్దమ్మాయి ఏడేళ్ల వయసు నుంచి స్విమ్మింగ్ చేస్తోంది. తనది బ్రెస్ట్‌స్ట్రోక్ అనే ఈత పద్ధతి. 2025 ఆగస్టులో ఒక డివిజన్ 3 కాలేజీలో చేరింది, అక్కడి టీమ్‌లో ఈదుతుంది. అమెరికా కాలేజీ ఆటల్లో డివిజన్ 1, 2, 3 అని మూడు అంచెలు, 1 అన్నిటికన్నా పైది. కోచ్‌లు తమ టీమ్‌లకి పిల్లల్ని ఎంచుకోవడాన్నే రిక్రూటింగ్ అంటారు. ఇంతవరకూ రావడానికి మాకు రెండున్నరేళ్లు పట్టింది. మేముండే న్యూజెర్సీలో ఎస్‌ఏటీ గురించి అడిగితే గుడిలో ప్రసాదం లైన్లోనే పదిమంది సలహా చెబుతారు. ఆటలో ఉన్న పిల్లలు కాలేజీ కోచ్‌లతో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడాలో అడిగితే చెప్పే తెలుగువాళ్లు మాకు ఒక్కరూ దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాలేజీల పేర్లూ కోచ్‌ల పేర్లూ మాత్రం రాయను.

2023 జనవరి, పాప పదో గ్రేడ్‌లో ఉంది. క్లబ్ కోచ్ ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక, "ఇక కాలేజీ కోచ్‌లకి మెయిల్స్ పెట్టడం మొదలుపెట్టండి" అన్నాడు. ఇరవై రెండు కాలేజీల జాబితా వేశాం. మెయిల్స్ నేనే రాశాను. పాప పేరుతో, పాప మెయిల్ నుంచే, కానీ మాటలన్నీ నావి. ఆఫీసులో రోజూ రాసే భాషలో, తప్పు పట్టడానికి లేకుండా రాశాను. టైమ్‌లు, గ్రేడ్లు, సొంత ఊరు, అన్నీ వరసగా.

నెల గడిచినా పెద్దగా జవాబుల్లేవు. రాత్రి పన్నెండింటికి లేచి తన మెయిల్ చూసేదాన్ని. మా పిల్ల టైమ్‌లు చాలవేమో అని కుమిలిపోయాను. అప్పటికి 100 గజాల బ్రెస్ట్‌స్ట్రోక్ టైమ్ 1:07.2, అంటే నిమిషం ఏడు సెకన్ల పైచిలుకు. అసలు సంగతి ఐదో వారంలో తెలిసింది. పదో గ్రేడ్ అయిపోయాక వచ్చే జూన్ 15 వరకూ డివిజన్ 1, డివిజన్ 2 స్విమ్మింగ్ కోచ్‌లు పిల్లలకి సొంతంగా జవాబు రాయకూడదు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ నియమం అది. క్యాంపు ప్రకటనలు, నింపి పంపాల్సిన ఫారాలు పంపొచ్చు, అంతే. వాళ్లు మెయిల్ చదువుతారు, పేరు రాసుకుంటారు, మాట్లాడరు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు ఆ ఐదు వారాల నిద్ర దక్కేది.

ఈలోగా ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి, "మా క్యాంపులో నిన్ను చూడాలని ఎదురుచూస్తున్నాం" అని మెయిల్ వచ్చింది. మూడు రోజుల క్యాంపు, ఫీజు మనమే కట్టాలి. నేను ఆనందం పట్టలేక తెనాలికి ఫోన్ చేసి, పాపని యూనివర్సిటీ వాళ్లు పిలిచారని అమ్మకి చెప్పేశాను. అమ్మ వీధిలో నలుగురికీ చెప్పింది. అలాంటి మెయిల్ వాళ్ల దగ్గరున్న పేర్లన్నిటికీ వెళుతుందని తర్వాత తెలిసింది. అమ్మకి మళ్లీ ఫోన్ చేసి అదేం పిలుపు కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

డివిజన్ 3 కోచ్‌లకి జూన్ 15 అడ్డు లేదు. అలా జవాబిచ్చిన ఇద్దరిలో ఒకావిడ నాలుగు లైన్లే రాసింది. టైమ్‌లు బావున్నాయట. "నువ్వు బాగా దెబ్బతిన్న ఒక రేసు గురించి నీ మాటల్లో రాసి పంపు" అని చివర్లో అడిగింది. పాప అది చదివి నా వంక చూసి, "అమ్మా, మెయిల్ నువ్వు రాశావని ఆవిడకి తెలిసిపోయింది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఒక్క మెయిల్ కూడా నేను రాయలేదు. పాప తన గదిలో కూర్చుని తొమ్మిదో గ్రేడ్‌లో డిస్‌క్వాలిఫై అయిన రేసు గురించి రాసింది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఆ రోజు తొందరలో తన ఎడమ చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా తగిలింది. ఆ తర్వాత రెండు నెలలు ప్రతి టర్న్‌లో చేతులు లెక్కపెట్టుకున్నానని రాసింది. ఆ సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. ఆవిడ మర్నాడే పెద్ద ఉత్తరం రాసింది. ఈవిడని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2023 జూన్ 15 గురువారం. అర్ధరాత్రి దాటగానే ఫోన్లు మోగుతాయని క్లబ్‌లో పిల్లలంతా చెప్పుకున్నారు. పాప ఫోన్ దిండు మీద పెట్టుకుని పడుకుంది. తనతో ఈదే అమ్మాయికి పన్నెండూ రెండుకి మెసేజ్ వచ్చిందట. మా పాపకి తెల్లారేదాకా ఏమీ లేదు. మధ్యాహ్నానికి రెండు మెయిల్స్ వచ్చాయి, రెండూ అందరికీ పంపినవే. నాలుగో రోజున ఒక డివిజన్ 1 కోచ్ నిజంగా ఫోన్ చేశాడు. పాప గరాజ్‌లోకి వెళ్లి కార్లో కూర్చుని తలుపేసుకుంది. కారు లైట్ వెలుగుతోంది, పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినపడదు. నేనూ మా ఆయనా వంటింటి తలుపు దగ్గర నుంచి ఇరవై ఆరు నిమిషాలు అలా చూస్తూ నిలబడ్డాం. బయటికొచ్చి, "అమ్మా, నన్ను ఏం చదవాలనుందో అడిగాడు, నీళ్లలో నాకేది ఇష్టమో అడిగాడు. టైమ్ ఒక్కటీ అడగలేదు" అంది. అడగక్కర్లేదు. స్విమ్మింగ్‌లో దాదాపు ప్రతి మీట్‌లో, అంటే పోటీలో, ఈదిన టైమూ స్విమ్‌క్లౌడ్ సైట్‌లో ఉంటుంది. కోచ్‌లు అక్కడే చూసుకుని ఫోన్ చేస్తారు.

ఆ వేసవిలోనే రిక్రూటింగ్ సర్వీస్ ఒకటి మా వెంటపడింది. మూడు వేల డాలర్లకి పైగా కడితే కోచ్‌లతో పరిచయం చేయిస్తామన్నారు. ఈ రోజే కడితే తగ్గింపు అన్నారు. మా ఆయన కార్డు తీశాడు కూడా. క్లబ్ కోచ్‌ని ఒక్క మాట అడుగుదామని ఆపాను. ఆయన, "గడియారంతో ఆడే ఆటకి మధ్యవర్తి ఎందుకు?" అన్నాడు. మిగతా ఆటల సంగతి నేను చెప్పలేను గానీ, స్విమ్మింగ్‌కి మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మా ఖర్చూ చెబుతాను. పదకొండో గ్రేడ్‌లో క్లబ్ ఫీజు 3,800 డాలర్లు. మీట్ ఎంట్రీలు, హోటళ్లు, పెట్రోలు కలిపి ఇంకో 2,500 దాకా. నన్ను ఆశ్చర్యపరిచింది టెక్ సూట్. పెద్ద మీట్లకి వేసుకునే ఆ బిగుతు సూట్ ఒకటి 400 డాలర్లు పైమాటే. నాలుగైదు మీట్లకే బిగువు పోతుంది. దాన్ని వేసుకోవడమే ఒక పని. బాత్రూమ్‌లో నేను వెనక నుంచి, తను ముందు నుంచి వేళ్ల చివరలతో అంగుళం అంగుళం పైకి లాగాలి. గోరు తగిలితే చిరుగుతుంది. మొదటిసారి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది, ఇద్దరికీ చెమటలు కారిపోయాయి.

ఇంకో చిన్న సంగతి. క్లోరిన్‌కి పాప జుట్టు కొబ్బరిపీచులా అయిపోయింది. రోజూ పొద్దున్నే నాలుగున్నరకి లేపి, తల తడిపి, గోరువెచ్చని కొబ్బరినూనె రాసి, దాని మీద క్యాప్ పెట్టి పంపేదాన్ని. అమ్మ చెప్పిన చిట్కా అది. తర్వాత క్లబ్‌లో అమెరికన్ తల్లులు కూడా అడిగి తెలుసుకున్నారు. ఆ నాలుగున్నర గంటలకి వంటింట్లో నిద్రకళ్లతో నా ముందు కూర్చుని తను చెప్పిన కబుర్లు నాకు ఇంకెప్పుడూ చెప్పలేదు.

పదకొండో గ్రేడ్ మొదట్లో, పిల్లల అర్హత చూసే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో పేరు నమోదు చేశాం. డివిజన్ 1కి పదహారు కోర్ కోర్సులు, అంటే ఇంగ్లీషు, లెక్కలు లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు కావాలి. అందులో పది కోర్సులు పన్నెండో గ్రేడ్ మొదలయ్యేలోపే పూర్తి కావాలి. మన పిల్లల చదువుకి ఇదేం లెక్క అనుకున్నాను. కానీ తొమ్మిదో గ్రేడ్ తర్వాత వేసవిలో ఆన్‌లైన్‌లో చేసిన జామెట్రీ కోర్సు అక్కడ ఆమోదం పొందిన జాబితాలో లేదు. బడి కౌన్సిలర్‌తో పదకొండు రోజులు మెయిల్స్ నడిచాయి. చివరికి అది తీసేసినా ఆల్‌జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్‌తో లెక్కల కోటా సరిపోయింది. ముందుకెళ్లాలని వేసవిలో ఆన్‌లైన్ కోర్సులు చేయించే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. డబ్బు కట్టేముందే ఆ జాబితా చూసుకోండి. డివిజన్ 3కి మాత్రం ఈ సర్టిఫికేషన్ అక్కర్లేదు.

2023 అక్టోబరులో మోకాలు పట్టేసింది. లోపలి వైపు నొప్పి. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్లకి ఆ కిక్ వల్ల వచ్చేదేనట. ఆరు వారాలు కిక్ కొట్టొద్దన్నారు. పాప కాళ్ల మధ్య ఫోమ్ ముక్క పెట్టుకుని ఉత్త చేతులతోనే ఈదింది. కోచ్‌లకి చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద వాదన. మా ఆయన దాచమన్నాడు, పాప ఒప్పుకోలేదు. అప్పటికి మాట్లాడుతున్న ఏడుగురికీ రాసింది. ఇద్దరు మళ్లీ పలకలేదు. రేసు గురించి అడిగిన ఆవిడ మాత్రం, "ముందు నయం కానివ్వు, టైమ్‌లు ఎక్కడికీ పోవు" అని రాసింది. 2024 మార్చిలో పాప 1:04.9 ఈదింది. స్కోర్‌బోర్డు చూసి నీళ్లలోనే రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఇక్కడ నా వల్ల జరిగిన తప్పు చెప్పాలి. జూన్‌లో ఫోన్ చేసిన డివిజన్ 1 కోచ్ ఏప్రిల్‌లో క్యాంపస్ చూడటానికి రమ్మన్నాడు. మా ఖర్చుతోనే వెళ్లాం. స్కాలర్‌షిప్ ఇవ్వలేను, టీమ్‌లో చోటు మాత్రం ఇస్తానన్నాడు. అప్పటి లెక్క ప్రకారం డివిజన్ 1 మహిళల స్విమ్మింగ్ టీమ్ మొత్తానికి పద్నాలుగు స్కాలర్‌షిప్‌లే. వాటినే ముక్కలు చేసి పంచుతారు. డబ్బు రాకపోయినా పేరున్న యూనివర్సిటీ కదా అని నేను తబ్బిబ్బయిపోయాను. పాపకి మనసంతా ఆ డివిజన్ 3 ఆవిడ దగ్గరే ఉందని నాకు తెలుసు. తెలిసీ, "అంత పెద్ద పేరు వదులుకుంటామా తల్లీ" అని రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. జూన్ చివర్లో పాప ఆవిడకి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. చెప్పి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

2024 ఆగస్టు 13, మంగళవారం. సాయంత్రం ఐదున్నరకి డివిజన్ 1 కోచ్ ఫోన్ చేశాడు. ఈసారి పాప వంటింట్లోనే మాట్లాడింది. అయిదు నిమిషాలే. ఆటగాళ్లకి డబ్బు ఇవ్వాలంటూ ఎన్‌సీఏఏ మీద నడుస్తున్న హౌస్ కేసు రాజీలో భాగంగా టీమ్‌లో ఎంతమంది ఉండాలో పరిమితి పెట్టబోతున్నారు. స్విమ్మింగ్‌కి ముప్పై. తన దగ్గర ఇప్పటికే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు, కాబట్టి చోటు లేదు, క్షమించమన్నాడు. పాప "థాంక్యూ కోచ్" అని పెట్టేసింది. పెట్టేసి స్టౌ మీద పొంగుతున్న పాలు దించింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కాగితం మీద ఏమీ లేదు, సంతకం లేదు, అడగడానికి ఎవరూ లేరు. ఏడాదిగా నడిచిన మాట అయిదు నిమిషాల్లో అయిపోయింది. కోచ్‌ని తప్పు పట్టను, ఆ వారం ఆయన అలాంటి ఫోన్లు ఎన్ని చేశాడో. కానీ పదిహేడేళ్ల పిల్లకి అది తగలకూడని దెబ్బ.

రెండు రోజులు ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. మూడో రోజు రాత్రి నేనే పాప గదిలోకెళ్లి, నీ మాట విననందుకు నాదే తప్పు అన్నాను. అది కాసేపు ఊరుకుని, "ఆవిడకి మళ్లీ రాయనా?" అంది. ఏం మొహం పెట్టుకుని అని నాకనిపించింది గానీ అనలేదు. తను రాసింది మూడే వాక్యాలు: చోటు పోయింది, అసలు మొదటి నుంచీ నాకు మీ దగ్గరే ఈదాలని ఉంది, ఇంకా చోటుందా? మర్నాడు పొద్దున్నే జవాబు. బ్రెస్ట్‌స్ట్రోక్‌కి ఒకమ్మాయి ఖాయమైపోయింది, ఇంకొక్క చోటుంది, ఈ రోజే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) పంపు అని.

ఆ పంపడాన్ని ప్రీ-రీడ్ అంటారు. పదకొండో గ్రేడ్ దాకా మార్కులు, పన్నెండులో తీసుకోబోయే కోర్సులు, ఎస్‌ఏటీ స్కోరు కోచ్‌కి ఇస్తే, కోచ్ అడ్మిషన్ ఆఫీసుకి చూపించి మాట తీసుకుంటుంది. చాలామంది దీన్ని జూలైలోనే ముగించేస్తారు, మేం ఆగస్టు 17న పంపడం మొదలుపెట్టాం. బడికి సెలవులు, కౌన్సిలర్ ఊళ్లో లేదు. స్కూల్ ప్రొఫైల్ అనే, బడి వివరాలుండే ఒక్క కాగితం కోసం నాలుగు రోజులు పోయాయి. ఆ కాగితం జూన్‌లోనే తీసి దగ్గర పెట్టుకోండి. సెప్టెంబరు 4న కబురొచ్చింది, సానుకూలమని. అది సీటు కాదు, దరఖాస్తు చేస్తే ఇబ్బంది ఉండకపోవచ్చని మాత్రమే. ఇంతకుముందు దెబ్బ తిని ఉన్నాం కాబట్టి ఈసారి పాప ఫోన్‌లో సూటిగా అడిగింది: "అడ్మిషన్ ఆఫీసులో మీరు నా పేరు చెప్పి మద్దతిస్తారా? టీమ్ పరిమితి మీకూ ఉందా?" రెండోదానికి లేదని, డివిజన్ 3కి ఆ రాజీతో సంబంధం లేదని చెప్పింది. మొదటిదానికి అవునంది. టీమ్‌లో చోటిస్తానన్న మాట వేరు, అడ్మిషన్‌లో మద్దతిస్తానన్న మాట వేరు. డివిజన్ 1 కోచ్‌ని ఈ రెండూ మేం విడివిడిగా ఎప్పుడూ అడగలేదు.

అక్టోబరులో ఒక శనివారం పాప అక్కడ టీమ్ అమ్మాయిలతో ఒక రాత్రి ఉంది. మేం పది మైళ్ల దూరంలో మోటెల్‌లో, పులిహోర డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆదివారం కార్ ఎక్కగానే పాప, "అందరూ డైనింగ్ హాల్లో లెక్కలు చేసుకుంటూ తింటున్నారమ్మా" అంది. ఇంకేం చెప్పకుండా నిద్రపోయింది. దాని మొహం చూస్తే నాకు చాలు.

డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, పైసా ఉండదు. ఇది ఫోన్లో అత్తగారికి అర్థం చేయించడానికి నాకు గంట పట్టింది. "ఇన్నాళ్లు ఈదించి ఫీజు మనమే కట్టాలా?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. అప్పటికి కాలేజీ మొత్తం ఖర్చు ఏడాదికి 86,000 డాలర్లు. ఒకే కాలేజీకి ముందుగా దరఖాస్తు చేసే ఎర్లీ డిసిషన్‌లో వేస్తే, సీటొస్తే చేరి తీరాలి. అందుకని వేయకముందే ట్యాక్స్ కాగితాలు ఇచ్చి, వాళ్ల ఆర్థిక సాయం ఆఫీసు నుంచి అంచనా అడిగాం. ఇలా అడగొచ్చని కూడా కోచే చెప్పింది. మూడు వారాలకి 24,000 డాలర్ల గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) రావచ్చని రాశారు. మిగతాది ఎలా కట్టాలో మేమిద్దరం రెండు రాత్రులు కూర్చుని లెక్కేసుకున్నాం. తెనాలి స్థలం అమ్మే మాట కూడా వచ్చింది. చివరికి అది అమ్మలేదు, కొంత లోన్ తీసుకున్నాం.

నవంబరు 15న దరఖాస్తు. ఆ తర్వాత నాలుగు వారాలు నాకు ఆఫీసులో పని సాగలేదు. కోచ్ మాట ఒకసారి పోయిందిగా, మళ్లీ పోదని ఏముంది? డిసెంబరు 13 శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఫలితం. పాపకి అదే సమయానికి హైస్కూల్ మీట్. రిలే ఈది వచ్చి, టవల్ చుట్టుకుని, తడి వేళ్లతో ఫోన్ తెరవబోతే తెర పలకలేదు. టవల్‌కి తుడుచుకుని మళ్లీ నొక్కింది. నేను బెంచీల మీద పై వరసలో ఉన్నాను. కింద నుంచి నన్ను వెతుక్కుని తలూపింది. అంతే. ఆ వెంటనే తన 100 బ్రెస్ట్‌స్ట్రోక్ రేసు ఉంది. అది బాగా రాలేదు, 1:07 ఈదింది. ఎవరికీ పట్టలేదు.

సీటొచ్చాక కూడా కాగితాలు ఉంటాయి. మేం ఊహించనిది సికిల్ సెల్ అనే రక్తకణాల సమస్య ఉందేమో చూసే పరీక్ష. టీమ్‌లో ఈదాలంటే దాని ఫలితం ఇవ్వాలన్నారు. న్యూజెర్సీలో పుట్టిన పిల్లలకి పుట్టగానే ఆ పరీక్ష చేస్తారు గానీ ఆ పాత కాగితం దొరకబుచ్చుకోవడానికి వారం తిరిగి, చివరికి ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇప్పించాం. ఫిజికల్ ఫారం (ఆరోగ్య పరీక్ష కాగితం) మీద డాక్టర్ సంతకానికి ఇంకో మూడు వారాలు.

2025 జూన్‌లో హౌస్ రాజీకి కోర్టు తుది ఆమోదం ఇచ్చింది. పరిమితి వల్ల చోటు పోయిన పిల్లల్ని, కాలేజీకి ఇష్టమైతే, పరిమితి లెక్కలోకి రాకుండా మళ్లీ తీసుకోవచ్చని అందులో ఉంది. క్లబ్‌లో ఒక తల్లి ఫోన్ చేసి, ఆ యూనివర్సిటీని మళ్లీ అడగరాదా అంది. నేను పాపకి చెప్పాను, చెప్పకపోతే మళ్లీ తప్పు చేసినట్టవుతుందని. తను అప్పుడు నేల మీద కూర్చుని, కొత్త టీమ్ బ్యాగ్‌కి పేరు కుడుతోంది. తలెత్తకుండానే, "వద్దమ్మా" అంది.

ఆగస్టు చివర్లో దింపి వచ్చాం, నాలుగున్నర గంటల దారి. రెండు సీసాల కొబ్బరినూనె పెట్టాను. మొదటి మీట్ నవంబరులో, మోటెల్ అప్పుడే బుక్ చేశాం.